మా ఇంటి సెంట్రిఫ్యూగల్ పంపు: తొమ్మిదేళ్ళు వాడాక

మా ఇల్లు విశాఖ గోపాలపట్నంలో. కింద ఒక వాటా, పైన రెండంతస్తులు. పొద్దున్న వచ్చే కుళాయి నీళ్ళు సంపులో పడతాయి. అక్కణ్ణించి మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కించాలి. 2016లో కొన్న 1 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా బిగించిన) సెంట్రిఫ్యూగల్ పంపు ఇప్పటికీ ఆ పని చేస్తోంది. ట్యాంకు నిండడానికి పావుగంట. కొన్న రోజూ అంతే, ఇవాళా అంతే.

మనం దాన్ని మోటారు అనేస్తాం. కానీ మోటారు వెనక సగమే, నీళ్ళ పని ముందున్న పంపుది. ఈ తేడా నాకు చెప్పింది స్టీల్‌ప్లాంటు మెయింటెనెన్స్‌లో చేసి రిటైరైన మా మావయ్య. "ఒరే, అది నీళ్ళు లాగదురా, విసురుతుంది" అన్నాడు. వానలో గొడుగు గిర్రున తిప్పితే చినుకులు చుట్టూ చెదురుతాయి కదా, సెంట్రిఫ్యూగల్ అంటే అదే. మధ్య నుంచి బయటికి. పుస్తకాల్లో అపకేంద్ర అని రాస్తారు. లోపల రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, నిమిషానికి దాదాపు 2,800 సార్లు తిరుగుతూ నీటిని అంచుకు విసురుతుంది. దాని చుట్టూ నత్తగుల్లలా పోనుపోను వెడల్పయ్యే డొల్లలో ఆ వేగం తగ్గి ఒత్తిడిగా మారుతుంది. నీళ్ళు మేడెక్కేది ఆ ఒత్తిడితోనే. ఇంపెల్లర్ మధ్యలో ఒత్తిడి తగ్గిన చోటికి సంపు నీటిని పైకి తోసేది బయటి గాలి.

ఇది అర్థం కాకముందు చాలా డబ్బు వృథా చేశాను. రెండో ఏడు ఒకరోజు మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు. మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ షాపులో కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చేది) మార్చారు. రాలేదు. ఇంకొకరు ఇంపెల్లర్ అరిగిందన్నారు. ఇంటినిండా జనం, ట్యాంకు ఖాళీ, ఆ రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి మావయ్య వచ్చి సంపు వైపు పైపు ఎల్బో (వంపు ముక్క) మీద తడిగుడ్డ గట్టిగా చుట్టి, పంపులో నీళ్ళు పోసి, స్విచ్చి వెయ్యమన్నాడు. నీళ్ళొచ్చేశాయి! ఎల్బో బిగించిన మరచుట్ల దగ్గర సన్నని సందు ఉంది. ఆ పైపులో ఒత్తిడి బయటికన్నా తక్కువ కాబట్టి అక్కడ నీరు కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఎవరి కంటా పడలేదు. గాలి తేలిక, దాన్ని ఎంత విసిరినా సంపు నీరు కదలదు. మొదట పంపులో నీళ్ళు పోయడం, పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు పెట్టడం, రెండూ లోపల గాలి చేరకుండా ఉండడానికే. ఆ తర్వాత రెండుసార్లు నీళ్ళు ఆగితే ఫుట్‌వాల్వులో చెత్త తీయడంతో సరిపోయింది.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. సంపు ఖాళీ అయిందని చూసుకోకుండా అరగంట నడిపాను. షాఫ్టు (తిరిగే ఇరుసు) దగ్గర నీళ్ళు కారకుండా ఆపే సీలుకు తడే చల్లదనం. ఎండిపోయి మాడింది. నీరు కారి బేరింగు కూడా పట్టేసింది. అప్పటినుంచి సంపులో ఫ్లోట్ స్విచ్చి ఉంది, నీళ్ళు అడుగంటితే పంపును అదే ఆపేస్తుంది. కొత్తగా కొనేవాళ్ళు పంపుతోపాటే అదీ కొనండి, దయచేసి.

మన విశాఖ ఉప్పుగాలికి బోల్టులు, ఇనుప బాడీ తుప్పు పడతాయి. ఓసారి వేసవి సెలవుల్లో ఊరెళ్ళి మూడు వారాల తర్వాత స్విచ్చి వేస్తే ఒట్టి గుయ్యిమనే శబ్దమే, లోపల ఇంపెల్లర్ తుప్పుతో బిగుసుకుపోయింది. వెంటనే ఆపాను కాబట్టి వైండింగ్ బతికింది. కరెంటు తీసేసి, వెనక ఫ్యాను మూత విప్పి, చేత్తో తిప్పితే వదిలింది. ఇంపెల్లర్ ఇత్తడిదైతే ఈ బెడద తక్కువ.

పక్కింటాయన 90 అడుగుల బోరుకు ఇదే బిగిద్దామన్నారు, వద్దన్నాను. గాలి ఒత్తిడి నీటిని సుమారు 10 మీటర్ల దాకా మాత్రమే లేపగలదు, ఇంటి పంపుతో 6, 7 మీటర్లే నమ్మొచ్చు. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్ కూడా సెంట్రిఫ్యూగలే, కాకపోతే ఇంపెల్లర్లు వరుసగా పేర్చి ఉంటాయి. అది నీళ్ళలోనే మునిగి ఉంటుంది కనుక ఈ హద్దు దానికి లేదు.

తొమ్మిదేళ్ళలో మార్చినవి కెపాసిటర్, సీలు, బేరింగు, ఫుట్‌వాల్వు. ఇంపెల్లర్ మొదటిదే. ఇది పాడైతే మళ్ళీ ఇదే రకం తెచ్చుకుంటాను, సంపుకు ఇంకా దగ్గరగా, ఎల్బోలు తగ్గించి బిగిస్తాను.