టాపెట్ కవర్ మీద రంగు నట్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, టాపెట్ కవర్ అంటే ఇంజన్ పైన ఉండే మూత, దాన్ని పట్టుకునే నట్ల స్థానంలో ఈ రంగు నట్లు వేసుకుంటాం. వీటివల్ల మైలేజీ పెరగదు, పికప్ పెరగదు. బానెట్ ఎత్తినప్పుడు చూడ్డానికి బాగుండాలన్న సరదా, అంతే. నాది 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. ఈ పాత ఇంజన్ మీద ప్లాస్టిక్ మూత ఉండదు, టాపెట్ కవరూ దాన్ని పట్టుకున్న నట్లూ నేరుగా కనిపిస్తాయి. ఇప్పటి కార్లలో చాలావాటికి పైన ఉండే ప్లాస్టిక్ కవర్ రబ్బరు బుష్‌ల మీద నొక్కి కూర్చోబెట్టేదే, పట్టి లాగితే ఊడొస్తుంది, అక్కడ మార్చడానికి బోల్టే ఉండదు. మా ఫ్రెండొకడు ఇది చూసుకోకుండా రంగు నట్ల కిట్ తెప్పించుకుని ఇప్పటికీ డబ్బాలోనే దాచుకున్నాడు.

మొదట వేసింది ఎర్ర యానోడైజ్డ్ అల్యూమినియం సెట్. పెట్టిన రోజు మాత్రం అబ్బో, పది నిమిషాలకోసారి వెళ్లి బానెట్ ఎత్తడమే. ఏడాదిన్నర తిరిగేసరికి ఎగ్జాస్ట్ వైపున్నవి ముందు, మిగతావి తర్వాత, ఎరుపు పోయి వెలిసిన గులాబీ రంగులోకి దిగాయి. అది పెయింట్ కాదు, అల్యూమినియం పైపొరలో ఉండే సన్నటి రంధ్రాల్లోకి ఎక్కించిన రంగు, వేడికి నెమ్మదిగా చస్తుంది. మిగిలిందాన్ని వాటర్ సర్వీసింగ్ కుర్రాడు పూర్తి చేశాడు. జిడ్డు పోవాలని ఏదో ఘాటైన కెమికల్ కొట్టాడు, కడిగి చూస్తే అక్కడక్కడా బూడిద మచ్చలు. క్షారం తగిలితే యానోడైజింగ్ నిలబడదని నాకు అప్పుడే తెలిసింది.

రంగు పోతే పోయింది, అసలు తలనొప్పి లీకేజీతో మొదలైంది. కంపెనీ నట్టు కింద రబ్బరు సీల్ ఉంటుంది, నట్టు నొక్కితే అది నలిగి ఆయిల్‌ని ఆపుతుంది. నా కిట్‌లో వచ్చినవి ఉత్త బల్లపరుపు వాషర్లు, నేను తెలివిగా పాత సీళ్లు తీసేసి అవి వేశాను. స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) పక్కనుంచి సన్నగా ఊరిన ఆయిల్ కిందికి జారి ఎగ్జాస్ట్ మీద పడేది, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు మాడిన వాసన. వారం రోజులు కవర్ కింద ఉండే ప్యాకింగ్ పోయిందనే అనుకున్నాను.

ఆ సెట్‌కి చివరి దెబ్బ టాపెట్ సెట్టింగ్ రోజున తగిలింది. ఇవి 6 ఎంఎం నట్లు, వీటికి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అంటే మణికట్టు బలమే. మెకానిక్ అలవాటుకొద్దీ పెద్ద రాచెట్ పానాతో పట్టాడు. నట్టు ముందు బిగిసింది, తర్వాత మెత్తగా తిరిగింది. విప్పి చూస్తే దాని లోపలి మరలన్నీ సన్నటి వెండి తీగలా ఊడి స్టడ్‌కి చుట్టుకుని ఉన్నాయి. స్టడ్ ఇనుముది కాబట్టి బతికింది, లేకపోతే ఖర్చు వేరేగా ఉండేది.

తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి స్టెయిన్‌లెస్ డోమ్ నట్లు తెచ్చాను, పైన టోపీలా మూసుకుని ఉంటాయి కదా, అవి. వీటికీ ఒక మెలిక ఉంది. టోపీ లోతు చాలకపోతే స్టడ్ కొన లోపల తగిలి ఆగిపోతుంది, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కింద వాషర్ మాత్రం వేలితో తిప్పితే గిర్రున తిరుగుతుంది. మొదటి సెట్ అలాగే పోయింది. రెండోసారి స్టడ్ పైకి ఎంత వచ్చిందో కొలుచుకుని వెళ్లి పొడవైనవి తెచ్చి, కింద కంపెనీ రబ్బరు సీళ్లే వేశాను. నాలుగేళ్లయింది, చుక్క ఆయిల్ లేదు, గుడ్డతో తుడిస్తే మళ్లీ తళతళ.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాకీ టైమింగ్ కవర్‌కీ అలెన్ బోల్టులు వేశాను, తలలో ఆరు మూలల గుంత ఉండేవి. ఇక్కడ గుండీలా గుండ్రటి తలున్న బటన్ హెడ్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ 6 ఎంఎం బోల్టుకి 4 నంబర్ అలెన్ కీ పడుతుంది, రెండు మూడుసార్లు విప్పితే లోపలి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. అదే సైజు మామూలు క్యాప్ హెడ్‌కి 5 నంబర్ కీ, పట్టు బాగుంటుంది. తల మీద ఏ2-70 అని, అంటే స్టెయిన్‌లెస్ గ్రేడ్ గుర్తు, కొట్టి ఉందో లేదో చూసి తీసుకోండి. అల్యూమినియంలోకి వెళ్లే స్టెయిన్‌లెస్ బోల్టుకి కాస్త యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయాలి, లేదంటే తేమకి తెల్లపొడి పట్టి రెండేళ్ల తర్వాత ఏడిపిస్తుంది. పూసినప్పుడు బిగింపు కొంచెం తగ్గించాలి, జారుడుకి తెలియకుండానే ఎక్కువ పట్టేస్తాం.

టైటానియం కూడా వదల్లేదు, రెండే రెండు, నీలం రంగువి, బ్యాటరీ క్లాంప్ దగ్గర. వాటి నీలం డై కాదు, పైపొర మందాన్ని బట్టి వెలుగు అలా కనిపిస్తుంది, అందుకే వెలవడం లేదు. వేలి జిడ్డు తగిలితే మసకబారతాయి, స్పిరిట్‌తో తుడిస్తే మళ్లీ మామూలే. కానీ ఒక్కదాని డబ్బుతో గుప్పెడు స్టీలు నట్లు వస్తాయి. బరువు తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతారు, ఇంజన్ మీదున్నవన్నీ మార్చినా నేను పొద్దున తినే ఇడ్లీ అంత కూడా తగ్గదు.

పాత ఎర్ర వాషర్లు పారెయ్యలేదు. ఫెండర్ బోల్టుల కింద వేశాను, అక్కడ సీల్ గొడవ లేదు, ఉంటే ఉన్నాయి పోతే పోయాయి. డ్యాష్‌బోర్డులో ఇప్పుడొక చిన్న పావు ఇంచీ రాచెట్ ఉంటుంది. మొన్న సర్వీసుకి వెళ్తే మా మెకానిక్ టాపెట్ కవర్ పెట్టేసి, చేతులు తుడుచుకుంటూ, "సార్, మీ నట్లు మీరే బిగించుకోండి" అని పక్కకి జరిగాడు.