పదిమీద ఇరవై: మహావిష్ణు ఆర్కెస్ట్రాను ఇరవై ఏళ్ళకు పైగా విన్నాక

మహావిష్ణు ఆర్కెస్ట్రా 1970లలో జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయించిన జట్టు. దాన్ని నడిపి, గిటారు వాయించినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. తొలి జట్టులో పాడేవాళ్ళు లేరు. గిటారు, వయొలిన్, కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్స్, అంతే. నేను రాయదలచుకున్నది వాళ్ళ ఒక్క రచన గురించి. నిజానికి అందులో ఒక్క చోటు గురించి. 1971లో వచ్చిన తొలి రికార్డు ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’లోని ‘ద డాన్స్ ఆఫ్ మాయా’.

2001 వేసవిలో అమెరికా నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు ఆ సీడీ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పటిదాకా సత్యనారాయణపురంలోని మా ఇంట్లో పొద్దున విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, సాయంత్రం కచేరీ కేసెట్లు తప్ప మరో సంగీతం వినిపించేది కాదు. మొదటి వారం నాకు ఏమీ పట్టుబడలేదు. మూడు వాద్యాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి, బిల్లీ కోబమ్ డ్రమ్స్ వాటిని వెనక నుంచి తోస్తున్నాయి, ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియదు. తాళం దొరకని సంగీతం నాకు తలుపు తెరవని ఇల్లు లాంటిది. అయినా వదలబుద్ధి కాలేదు.

ఆ తలుపు తెరిచినవాడు మా మేనమామ. గాంధీనగరంలో ఉండేవాడు. చాలా ఏళ్ళు పిల్లలకు మృదంగం నేర్పాడు. మే నెలలో ఒక సాయంత్రం భోజనానికి వచ్చాడు. నేను ఆ సీడీ పెట్టుకుని ఉన్నాను. “ఏమిటిరా ఆ హోరు, కాస్త తగ్గించు” అన్నాడు. తగ్గించాను. సరిగ్గా అప్పుడు ‘మాయా’ మొదలైంది. గిటారు ఒక్కటే, నింపాదిగా, ఒక్కొక్క తీగనూ విడివిడిగా మీటుతూ పైకీ కిందికీ తిరుగుతుంది. మామయ్య వక్క నములుతూనే తొడమీద చెయ్యి వేశాడు. నాలుగు ఆవర్తనాలు, అంటే తాళం నాలుగు చుట్లు, అయ్యేసరికి “పది అక్షరాలు” అన్నాడు. తాళంలో ఒక్కొక్క లెక్క ఒక అక్షరం, అయిదు అక్షరాలు ఒక ఖండం. “రెండు ఖండాలు అనుకో. విరుపు మనలా లేదు, లెక్క మాత్రం పదే.”

తర్వాత ఆ గిటారు ఆగి, డ్రమ్స్ ఊగుతున్నట్లుగా వేరే నడక అందుకుంటాయి. అమెరికా నల్లజాతివారి బ్లూస్ నడక అది. మామయ్య చెయ్యి గాలిలో ఆగిపోయింది. “ఇది వేరే పాటా?” అన్నాడు. “అదే మామయ్యా” అన్నాను. “మళ్ళీ పెట్టు.”

రెండోసారి వక్క ఉమ్మేసి వచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాడు. ఒకసారి తప్పాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. చివరికి “ఇరవై” అన్నాడు. ఆ తర్వాత అన్న మాట నేను మరిచిపోలేను. “పది వాయించినవాడు ఊరికే ఇరవైకి పోడు. ఎక్కడో రెంటినీ కలుపుతాడు, చూడు.”

ఆ కలిపే చోటు రాకముందే కరెంటు పోయింది.

మే నెల, విజయవాడ, ఇన్వర్టర్ లేని ఇల్లు. మా అమ్మ కొవ్వొత్తి కోసం వెతుకుతోంది, మేమిద్దరం చీకట్లో ఉన్నాం. మామయ్య ఆపలేదు. కుడి అరచేత్తో నేలమీద ఆ ఇరవైని వాయించడం మొదలుపెట్టాడు. అది కుదురుకున్నాక, దాని మీద మొదటి గిటారు వరసను నోటితో అందుకున్నాడు: తకతకిట, తకతకిట. నోట్లో రెండు చుట్లు తిరిగేసరికి చేతిలో ఒక చుట్టు పూర్తవుతుంది. రెండూ ఒకే చోట వచ్చి పడతాయి. చెమటలు కారుతున్నా ఒకటికి పదిసార్లు చేసి చూపించాడు. నన్ను చెయ్యి పట్టమని, తను నోరు పట్టాడు. తర్వాత నన్ను నోరు పట్టమని తను చెయ్యి పట్టాడు. ముప్పావు గంటకు కరెంటు వచ్చింది. రచన మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. చివరి భాగంలో బ్లూస్ నడక అలాగే సాగుతుండగా తొలి పది అక్షరాల వరస తిరిగి వచ్చి దానిమీద కూర్చుంది. మామయ్య చీకట్లో చేసినది అచ్చంగా అదే. ఆయన నవ్వలేదు, తల కూడా ఊపలేదు. అయిపోయేదాకా కళ్ళు మూసుకుని విన్నాడు. “సమానికే వచ్చాడు” అని, అంటే తాళం మొదటి దెబ్బకే వచ్చి కలిశాడని, అన్నానికి లేచాడు.

ఈ ఇరవై చిల్లర ఏళ్ళలో ఆ ఏడు నిమిషాల రచనను ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. ఆ కలిసే చోటు నాకు ఒక్కసారి కూడా పాతబడలేదు. ఇప్పటికీ దానికి కాస్త ముందే చేతిలో పని ఆపేస్తాను.

అప్పట్లో నేను ఒక మాట ఊరంతా చెప్పుకుని తిరిగాను: ఇది మన కర్ణాటక సంగీతమే, వాద్యాలే వేరు అని. ఆ మాటను ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఆ రాత్రి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మామయ్య “లెక్క బాగుంది, గమకం లేదు” అన్నాడు. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడమే గమకం. నేను ఉత్సాహంలో ఉండి పట్టించుకోలేదు. వినగా వినగా అది నిజమే అనిపిస్తోంది. ఆ తొలి రికార్డులలో స్వరాలు మెరుపులా పోతాయి గాని, స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే తడి తక్కువ. గిటారు, వయొలిన్, కీబోర్డు వంతులవారీగా అందుకుంటుంటే మన కచేరీలో అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన గుర్తొస్తుంది, కాని స్వరం మీద నిలబడి ఊపడం అందులో కనిపించదు. మెక్‌లాఫ్లిన్‌కు కూడా ఆ లోటు తెలిసే ఉంటుందని నా ఊహ. ఆయన డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. తర్వాత మన వాద్యకారులతో కలిసి పెట్టిన ‘శక్తి’ బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోపలికి గుంటలా చెక్కించిన గిటారు చేయించుకున్నాడు, తీగను లోతుగా నొక్కి గమకం పలికించడానికి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, ఆ బృందానికే కొత్త రూపమైన ‘రిమెంబర్ శక్తి’లో ఆయన పక్కన కూర్చుని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకం ఎలా పలుకుతుందో చూపించినవాడు మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మిగతా రికార్డుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1973 నాటి ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ను ఒకప్పుడు అన్నిటికన్నా పైన పెట్టేవాణ్ణి. పద్ధెనిమిది అక్షరాల తొలి రచన ఇప్పటికీ గొప్పదే. ‘వన్ వర్డ్’లో కోబమ్ వాయించే భాగం వింటే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే మంచి తని ఆవర్తనం విన్న తృప్తి కలుగుతుంది. మధ్యలో వచ్చే చిన్న చిన్న ముక్కలను మాత్రం ఈమధ్య దాటేస్తున్నాను. అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పట్టిన ప్రత్యక్ష కచేరీ రికార్డులో ‘డ్రీమ్’ ఇరవై నిమిషాలు దాటుతుంది. అంతకు కొంచెం ముందు జూన్‌లో లండన్ ట్రైడెంట్ స్టూడియోలో అదే రచనను దాదాపు సగం నిడివిలో వాయించారు. అది చాలా కాలం మూలనపడి 1999లో బయటికి వచ్చింది. నాకు ఆ చిన్నదే ఇష్టం. కచేరీలో ఉన్నవాళ్ళకు పెద్దది నచ్చి ఉంటుంది, ఆ వేడి వేరు. 1973 చివరికే ఆ తొలి జట్టు విడిపోయింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన 1974 నాటి రికార్డు రెండుసార్లు విన్నాను, మళ్ళీ వినాలనిపించలేదు.

రిక్ లెయిర్డ్ బేస్ గురించి ఒక్క మాట. మిగతా నలుగురూ ఆకాశంలో ఉన్నప్పుడు లెక్క పట్టుకుని నేలమీద నిలబడేది ఆయనే. నా పాత స్పీకర్లలో ఆయన స్పష్టంగా వినిపించేవాడు. ఫోనుకు చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టాక కొన్ని నెలలపాటు ‘మాయా’లో నాకు తాళం జారిపోతూ వచ్చింది. నా చెవులే మొద్దుబారాయేమోనని బెంగపడ్డాను. తీరా పాత స్పీకర్లు దుమ్ము దులిపి పెడితే బేస్ వినపడింది, తాళమూ తిరిగి వచ్చింది. ఫోను స్పీకరులో ఈ రికార్డు విని నచ్చలేదంటే ఆ తీర్పును నేను ఒప్పుకోను.

ఆ తొలి రికార్డు కొనమని అందరికీ చెప్పగలనా అంటే చెప్పలేను. చిన్నప్పటి నుంచి చేతిమీద తాళం వేయడం అలవాటైనవాళ్ళకు ఇందులో దొరికేది వేరు. ఆ అలవాటు లేని నా స్నేహితులు ఇద్దరు రెండో రచన దాటలేదు. అలాంటివారు డ్రమ్స్ లేని ‘ఎ లోటస్ ఆన్ ఐరిష్ స్ట్రీమ్స్’తో మొదలుపెడితే మంచిది. మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది, తనకు ఆ ఒక్కటే నచ్చింది. పైగా నా తీర్పులో మామయ్య కూడా ఉన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళు అవుతోంది. పదీ ఇరవై కలిసే చోట నాకు గిటారు కన్నా ముందు నేలమీద ఆయన అరచెయ్యి వినపడుతుంది. ఆ చెయ్యి లేకుండా ఈ రచన ఎంత గొప్పదో తూచి చెప్పడం నావల్ల కాదు.

ఇప్పుడు మేము అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాం. కింది ఇంట్లో పసిబిడ్డ ఉంది కాబట్టి రాత్రిళ్ళు పెట్టను. ఆదివారం పొద్దున, టిఫిన్లు అయ్యాక, తలుపులు వేసి పెడుతున్నాను.