కీటోకొనజోల్ షాంపూ: అనంతపురం బోరు నీళ్లతో ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తా, ఈ షాంపూతో చుండ్రు శాశ్వతంగా పోదు. పోతుందని చెప్పి ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. కానీ మాడు మీద పొట్టును, దురదను అదుపులో పెట్టుకుంటూ జుట్టును నడుము దాకా పెంచుకోవడానికి ఇన్నేళ్లలో నాకు నిలకడగా పనికొచ్చింది ఇదే. అందుకే సీసా అయిపోగానే ఇంకోటి తెచ్చుకుంటూనే ఉన్నా. ఐదుకు నాలుగు మార్కులు వేస్తా. ఆ తగ్గించిన ఒకటి ఎందుకో కింద రాశా, కొంచెం పొడుగ్గానే ఉంది, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

నాది మామూలు చుండ్రు కాదు, సెబోరిక్ డెర్మటైటిస్. డిగ్రీలో ఉండగా మొదలైంది. పసుపు రంగులో జిడ్డుజిడ్డుగా ఉండే పొట్టు, గీరితే గోళ్లలోకి వస్తుంది. తల ఒక్కటే కాదు, చెవుల వెనక, కనుబొమల్లో, ముక్కు పక్కన కూడా ఎర్రబడి పొట్టు లేస్తుంది. చలికాలం, టెన్షన్, నిద్ర లేకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఎక్కువవుతుంది. మలసీజియా అని ఒక ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, అది అందరి మాడు మీదా ఉంటుంది, మన చర్మం కార్చే జిడ్డు తిని బతుకుతుంది. ఆ జిడ్డును అది విరగ్గొట్టినప్పుడు మిగిలే ఓలియిక్ ఆమ్లం లాంటివి కొందరి చర్మానికి పడవు. అప్పుడు చర్మం మంటెక్కి పైపొరను తొందర తొందరగా వదిలేస్తుంది, మనకు కనిపించే పొట్టు అదే. కాబట్టి ఇది మురికి వల్ల వచ్చేది కాదు, ఒకరి దువ్వెన ఇంకొకరు వాడితే అంటుకునేదీ కాదు. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్న పెద్దమ్మలు ‘తల సరిగ్గా రుద్దుకోవట్లేదేమో’ అన్నప్పుడల్లా ఇదంతా చెప్పాలనిపిస్తుంది గానీ, విస్తరి ముందు కూర్చుని ఫంగస్ గురించి ఎవరు మాట్లాడతారు.

ఇక వాడకం. నాకు చర్మం డాక్టరు రాసింది 2 శాతం కీటోకొనజోల్, ఆ ఈస్ట్‌ను అణిచే మందు. మొదట వారానికి రెండుసార్లు, అలా నెల దాకా. తగ్గాక వారానికి ఒకసారో, రెండు వారాలకు ఒకసారో. రుద్దిన వెంటనే నీళ్లు పోసుకోకూడదు, 3 నుంచి 5 నిమిషాలు మాడు మీద ఉండనివ్వాలి. పనిచేయలేదు అనేవాళ్లను అడిగి చూడండి, సగం మంది ఆ ఐదు నిమిషాలు ఆగి ఉండరు. ఇంకో సగం మంది దాన్ని వెంట్రుకలకు రుద్ది ఉంటారు. ఇది వెంట్రుకల షాంపూ కాదు, చర్మానికి వేసే మందు. షాంపూ రూపంలో ఉంది కాబట్టి అలా అనిపిస్తుంది, అంతే.

నా జుట్టు ఒత్తు. అరచేతిలో పోసుకుని తల పైన రుద్దితే నురగంతా పైనే ఆగిపోతుంది, మాడు దాకా దిగదు. అందుకని బ్యూటీ పార్లర్లలో రంగు వేయడానికి వాడే సన్నమూతి ప్లాస్టిక్ సీసా ఒకటి కొన్నా. అందులో కొంచెం షాంపూ, కొంచెం నీళ్లు కలిపి, తడి తలలో వేలితో పాపిడి తీసుకుంటూ ఆ గీత వెంబడే పోస్తా, మన చీనీ (బత్తాయి) చెట్లకు డ్రిప్పు పెట్టినట్టు. తర్వాత వేలి కొసలతో మెల్లగా రుద్దడమే, గోళ్లు తగలకూడదు. ఇలా చేస్తే షాంపూ కూడా తక్కువ పడుతుంది, పొడుగు జుట్టు వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దీనికంటే ముందు చెవుల కింద నుంచి కొసల దాకా కండిషనర్ పట్టించేస్తా. పైనుంచి కారే మందు షాంపూ కొసలను మరీ ఎండగట్టకుండా అది అడ్డు ఉంటుంది. మొత్తం కడిగాక కొసలకు మళ్లీ ఒకసారి కండిషనర్. బకెట్లు మాత్రం ముందే నింపి పెట్టుకోండి, నురగ తలతో మోటరు వేయమని అరవడం ఎవరికీ బాగుండదు.

తగ్గాక మానేయొచ్చా అని అందరూ అడుగుతారు. మానేస్తే వస్తుంది. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో 575 మందికి ఈ షాంపూ ఇచ్చారు, తగ్గినవాళ్లను గుంపులుగా చేసి ఆరు నెలలు చూశారు. మందు లేని షాంపూకు మారినవాళ్లలో 47 శాతం మందికి తిరగబెట్టింది. వారానికోసారి మందు షాంపూ వాడుతూ వచ్చినవాళ్లలో 19 శాతం మందికే. అంటే వాడుతున్నా దాదాపు ఐదుగురిలో ఒకరికి మళ్లీ వచ్చిందన్నమాట. నాకూ డిసెంబరు, జనవరిలో ఒక్కోసారి వస్తుంది. అప్పుడు మళ్లీ వారానికి రెండుసార్లు, సద్దుమణిగాక వారానికి ఒకసారి. దీన్ని ఓటమి అనుకునేవాళ్లు బ్రాండ్లు మారుస్తూ డబ్బులు పోగొట్టుకుంటారు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగిందని ఎవరూ ఆశ్చర్యపోరు కదా, చుండ్రు దగ్గరికి వచ్చేసరికి ఒక్క సీసాతో పోవాలంటారు.

అసలు గొడవంతా నూనె దగ్గర. మా జేజికి నేను నూనె లేని తలతో గడప దాటడం ఇప్పటికీ మింగుడు పడదు. ‘తలకు చుక్క నూనె లేకుండా ఆ ఎండలో పోతావామ్మే, మాడు మాడిపోదూ’ అంటుంది. ఆమెకు ఎనభై దాటినా జుట్టు ఒత్తుగానే ఉంది, కాబట్టి వాదనలో ఆమెదే పైచేయి. కానీ మలసీజియా తనకు కావలసిన కొవ్వును తాను తయారు చేసుకోలేదు, బయటి నుంచి తీసుకోవాల్సిందే. రాత్రంతా మాడుకు పట్టించి వదిలేసిన కొబ్బరినూనె గానీ ఆముదం గానీ దానికి వండి వడ్డించడమే. నూనె పెడితే పొట్టు తడిసి అణిగిపోయి తగ్గినట్టు కనిపిస్తుంది, రెండు రోజులకు దురద రెట్టింపవుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకే ఈ మాట, లేనివాళ్లు హాయిగా పెట్టుకోండి.

అలాగని నూనె జుట్టుకు చెడ్డదా అంటే కాదు. 2003లో ముంబైలో చేసిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, తలస్నానంలో వెంట్రుక పోగొట్టుకునే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అది చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లే, ఆ సంగతి గుర్తు పెట్టుకునే చెబుతున్నా. కానీ నా అనుభవం కూడా అదే. కాబట్టి మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఏమిటంటే, స్నానానికి గంట ముందు చెవుల కింద నుంచి కొసల దాకా కొబ్బరినూనె, మాడుకు సున్నా. జడ మెరుస్తూ కనిపిస్తే జేజి పాపిడి దాకా చూడదు.

తర్వాత నీళ్లు. తక్కువ వర్షపాతంలో దేశంలో జైసల్మేర్ తర్వాత మన జిల్లానే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ఇక బోర్లు ఎంత లోతుకు వెళ్తే నీళ్లు అంత ఉప్పు. మా బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి గార కడుతుంది, అదే గార వెంట్రుకల మీదా పడుతుంది. ఉప్పు నీళ్ల వల్ల చుండ్రు వస్తుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. ఈ జబ్బుకు మూలం నీళ్లు కాదు గానీ, వెంట్రుకలు గరుకెక్కి చిక్కుపడి దువ్వేటప్పుడు తెగిపోవడానికి మాత్రం నీళ్లదే పెద్ద చెయ్యి. తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాను నుంచి రెండు చెంబులు తీసి చివర్లో తల మీద పోసుకుంటా. క్యాను మోసుకొచ్చే అబ్బాయికి ఈ విషయం తెలిస్తే ఏమంటాడో. తలంతా దాంతోనే కడగక్కర్లేదు, ఆఖరి నీళ్లు మంచివైతే చాలు. తడి జుట్టును తువ్వాలుతో దులపకుండా, ఆరాక వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి విప్పుకుంటా.

ఇంటి వైద్యాల గురించి ఎక్కువ రాయను. కుంకుడుకాయ జిడ్డును బాగా తీస్తుంది, ఆ రోజు తల తేలిగ్గా ఉంటుంది, వారం తిరిగేసరికి పొట్టు హాజరు. పుల్లటి పెరుగుతో చల్లగా ఉంటుంది, వాసన వదిలించుకోవడానికి ఇంకో షాంపూ కావాలి. నిమ్మరసం మాత్రం వద్దు, గీరి గీరి పగిలిన చర్మం మీద పడితే భగ్గుమంటుంది, పైగా నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడొచ్చు, మనకు ఉన్నదే ఎండ. గుండు చేయిస్తే పోతుందని కదిరికి, తిరుమలకు మొక్కుకోమన్నవాళ్లూ ఉన్నారు. మొక్కు మొక్కే, గుండుకు మందు రాయడం సులువు కూడా. కానీ ఈస్ట్ ఉండేది చర్మం మీద, జుట్టుతో పాటు పోదు.

స్టెరాయిడ్ లోషన్ల గురించి మాత్రం చెప్పాలి. మరీ ఎర్రబడి మంట పుట్టినప్పుడు డాక్టరు నాకు మొమెటసోన్ లోషన్ కొద్ది రోజులకు రాశారు, దురద రెండు రోజుల్లో ఆగింది, నిజంగా మాయలాగే ఉంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. మా వీధి చివర మందుల షాపులో చీటీ అడగరు, సీసా చూపిస్తే చాలు ఇంకోటి చేతిలో పెడతారు. కొందరికి క్లోబెటసాల్ లాంటి ఇంకా ఘాటైనవి కూడా. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపితే ముందుకంటే ఎక్కువగా తిరగబెట్టొచ్చు. మంట ఆర్పడానికి ఆ లోషన్, మళ్లీ రాకుండా చూసుకోవడానికి ఈ షాంపూ, రెండింటి పనులు వేరు.

ఈ షాంపూతో జుట్టు ఊడుతుందా? మొదటి వారాల్లో నాకు బాత్‌రూమ్‌లో ఉండలు ఉండలుగా కనిపించి భయమేసింది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే, నాలుగు రోజులకోసారి స్నానం చేస్తే ఆ నాలుగు రోజులవీ కలిపి ఒకేసారి వస్తాయి. పైగా మాడు వాచి ఉన్నప్పుడు, గీరుతున్నప్పుడు రాలడం ఎక్కువే ఉంటుంది. దురద ఆగాక అది తగ్గింది. కానీ ఒక మాట, ఈ షాంపూ జుట్టును పెంచలేదు, పెరిగే జుట్టును పాడు కాకుండా ఉండనిచ్చింది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఏ నూనె రాసినా దాని వేగం దానిదే. భుజాల నుంచి నడుము దాకా రావాలంటే మూడేళ్ల పైమాటే, అంటే నడుము దగ్గర ఊగే కొస ఏళ్ల కిందట మాడులోంచి వచ్చింది, ఇన్నేళ్ల ఎండ, దుమ్ము, స్కూటీ హెల్మెట్ అన్నీ చూసింది. కొసలను అందుకే అంత జాగ్రత్తగా చూసుకోమనేది. జడ కూడా వదులుగా వేసుకోండి, ముందు నుంచి బిగించి లాగితే నుదుటి దగ్గర పలచబడుతుంది. టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు రాలేది వేరే లెక్క, ఆ నేరం షాంపూ మీద వేయకండి.

మిగతావి కూడా వాడి చూశా. జింక్ పైరిథియోన్ ఉన్న మామూలు షాంపూలు, కిరాణా షాపులో దొరికేవి, తేలికపాటి చుండ్రుకు చాలు, నేను మధ్య స్నానాలకు అవే వాడతా. సెలీనియం సల్ఫైడ్ బాగానే పనిచేసింది గానీ వాసన భరించలేకపోయా, పైగా నగలు తీసి పక్కన పెట్టాలి. కోల్ తార్ ఉన్నది వాడితే ఇల్లంతా కొత్తగా రోడ్డు వేసినట్టు వాసన. పొట్టు మందంగా గడ్డకట్టినప్పుడు సాలిసిలిక్ ఆమ్లం ఉన్నది ఒకటి రెండుసార్లు వాడి పొట్టు వదిలించాక కీటోకొనజోల్ వేస్తే బాగా పట్టింది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, జుట్టును ఎండగడుతుంది, సీసా చిన్నది, ధర తక్కువేం కాదు. జనరిక్ షాపులో అదే 2 శాతం తక్కువకు దొరికితే నిశ్చింతగా తీసుకోండి, నాకు తేడా తెలియలేదు. ఇంటర్నెట్‌లో కీటోకొనజోల్ లివర్‌ను పాడుచేస్తుందని చదివి భయపడేవాళ్లకు: అది మాత్రల సంగతి, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది మింగే మాత్రల గురించే. షాంపూ నుంచి రక్తంలోకి వెళ్లేది లేనట్టే.

ఇది కొనే ముందు డాక్టరుకు చూపించుకోవాల్సినవాళ్లు కొందరున్నారు. పొట్టు వెండి రంగులో దళసరిగా ఉండి, జుట్టు గీత దాటి నుదుటి మీదికి వస్తే, మోచేతులు, మోకాళ్ల మీదా అలాంటివే ఉంటే, గోళ్లలో గుంటలు పడితే అది సోరియాసిస్ కావచ్చు, దాని మందులు వేరు. చిన్నపిల్లల తలలో గుండ్రంగా మచ్చలు పడి వెంట్రుకలు మొదట్లోనే తెగి ఉంటే అది తామర, దానికి నోటి మందు కావాలి, షాంపూ ఒక్కటే సరిపోదు. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు కూడా అడిగే వాడండి. మిగతావాళ్లు ముందు చిన్న సీసా తెచ్చుకుని నెల రోజులు చూడండి, నెల తర్వాత కూడా తేడా లేదంటే రెండో సీసా కొనకుండా అదే డబ్బుతో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి.