హై-లో పోకర్‌కి 300 చిప్స్ పెట్టె: చిప్స్ భేష్, పేకలు మాత్రం మార్చాల్సిందే

కర్నూలు ఆటవస్తువుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే అల్యూమినియం పెట్టె గురించి ఇది. లోపల అంకెలు లేని చిప్స్ (పందెం లెక్కకి వాడే బిళ్లలు) 300 (తెల్లవి 100, ఎర్రవి 100, ఆకుపచ్చవి 50, నల్లవి 50), రెండు పేకకట్టలు, ఒక డీలర్ బిళ్ల (పంచే వంతు ఎవరిదో చూపేది) ఉంటాయి. మామూలు పోకర్‌కైతే ఏ పెట్టె అయినా సరే. తలా నాలుగు ముక్కలు పంచే ఒమాహా హై-లో అనే పోకర్‌కి మాత్రం చూసి కొనాలి.

ఈ ఆటలో పాట్ (మధ్యలో పోగైన పందెం మొత్తం) తరచూ రెండుగా చీలుతుంది: సగం హై చేతికి (అన్నిటికన్నా బలమైన ఐదు ముక్కలు), సగం లో చేతికి (అన్నిటికన్నా చిన్న ఐదు ముక్కలు). లో చేతికి 8కి మించని ఐదు వేర్వేరు అంకెల ముక్కలు కావాలి, ఆసు ఒకటి కిందే లెక్క. చేతిలోవి కచ్చితంగా రెండు, అందరికీ కలిపి కింద పరిచిన ఐదింటిలో మూడు వాడాలి. కింద 8కి మించని వేర్వేరు అంకెల ముక్కలు మూడు పడకపోతే లో చెయ్యే లేదు, మొత్తం హైకే.

అంకెలు అచ్చేసిన చిప్స్‌తో ఇక్కడే తంటా. 25ని సగం చేస్తే పన్నెండున్నర, ప్రతి పాట్‌కీ చిల్లర పంచాయితీ. అంకెలు లేకపోతే విలువ మనమే పెట్టుకోవచ్చు: తెలుపు 1, ఎరుపు 4, ఆకుపచ్చ 20. ఆరుగురికి తలా 16 తెల్లవి, 16 ఎర్రవి, 8 ఆకుపచ్చవి, అంటే 240. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన పందేలు) 4, 8. పందేలు 8, 16. ఇలా పెట్టుకుంటే సగమైనా పావైనా లెక్క తెగుతుంది. ముగ్గురు సమానమైనప్పుడో, ఎవరైనా ఉన్నదంతా పెట్టేసినప్పుడో మాత్రం చిల్లర మిగలొచ్చు. హై, లో మధ్య మిగిలిన ఒక్క చిప్ హైకి ఇవ్వడం రివాజు.

పావు వాటా అంటే ఏంటో కొత్తవాళ్లకి ముందే చిప్స్ పేర్చి చూపించండి. ముగ్గురు తలా 48 పెట్టారు, మడిచినవాళ్లవి (మధ్యలో ఆట వదిలేసినవాళ్లవి) 16, పాట్ 160. కింద 2, 6, 7, రెండు రాజులు. ఒకరి దగ్గర రాజు-7 ఉంది, రాజులు మూడు, ఏడులు రెండు అయ్యాయి కాబట్టి హై సగం 80 వాళ్లదే. మిగతా ఇద్దరి దగ్గరా ఆసు-3 ఉంటే లో సగాన్ని తలా 40 పంచుకోవాలి. లో గెలిచి కూడా ఒక్కొక్కరికి 8 నష్టం. ఆసు-3 చూసి గుడ్డిగా రెయిజ్ చేసేవాళ్లు (పందెం పెంచేవాళ్లు) దెబ్బతినేది ఇక్కడే.

ఇక లోపాలు. మిద్దె మీద బల్బు వెలుతురులో ఆకుపచ్చ, నలుపు ఒకేలా కనబడతాయి, నల్లవి పెట్టెలోనే ఉంచేయండి. కొనేటప్పుడు ఇరవై చిప్స్ ఒకదానిమీద ఒకటి పేర్చండి. దొంతి ఊగితే చిప్స్ సమంగా లేవన్నమాట, వద్దు.

పేకలు అసలు బాగాలేవు. పైన పూత ఉన్న కాగితమే. మన ఎండాకాలం చెమటకి మూలలు వంగుతాయి. ఉగ్గాని బజ్జీ తిన్న వేలు ఒక్కసారి తగిలితే ఆసు వెనక నూనె మరక, ఇక అందరికీ అది ఆసే అని తెలిసిపోతుంది. పైగా 63 మిల్లీమీటర్ల వెడల్పు. నాలుగు ముక్కలు ఒకే చేతిలో పట్టాలంటే 57 మిల్లీమీటర్ల బ్రిడ్జి సైజు హాయి. పూర్తి ప్లాస్టిక్ కట్టలు రెండు విడిగా కొనండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. నాపబండల నేల మీద మాత్రం అవి అతుక్కుపోతాయి, గోటితో పైకి లేపేలోగా పక్కవాడు ముక్క చూసేస్తాడు. జంపఖానా పరచండి.

ముక్కలు చూపించేముందే హైకో లోకో పిడికిట్లో బిళ్లలు దాచి చెప్పే పద్ధతిలో ఆడితే, అలా దాచడానికి ఈ చిప్స్ పనికిరావు, లావుగా తెలిసిపోతాయి. చింతగింజలు వాడండి: ఖాళీ పిడికిలి అయితే లో, ఒక గింజ ఉంటే హై, రెండు గింజలైతే హై, లో రెండూ. రెండూ అన్నవాళ్లు ఒకటి ఓడినా ఏమీ రాదన్న మాట ఆటకి ముందే అనుకోవాలి.

చిప్స్‌ని పాయింట్లుగానే లెక్కపెట్టుకోండి. డబ్బు పెడితే 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం ఉంది. ఆట అయ్యాక ప్లాస్టిక్ కట్టల్ని ఎండలో నిలబెట్టిన కార్లో వదలొద్దు, వేడికి వంకర తిరుగుతాయి.