పీఎఫ్ఏ యాసిడ్ స్టిల్, మూడేళ్ల తర్వాత: మూత మీది చిన్న రంధ్రం సంగతి

నల్గొండ వైపు బోరు నీళ్లలో యురేనియం, సీసం చూసే ల్యాబ్‌లో ఈ రెండు సీసాల స్టిల్ మూడేళ్లుగా నడుస్తోంది. స్టిల్ అంటే యాసిడ్‌ను ఆవిరి చేసి, మళ్లీ చల్లార్చి శుద్ధి చేసే పరికరం. ఇది పీఎఫ్ఏ అనే టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్‌ది. ఒక సీసాలో యాసిడ్ పోస్తే, శుద్ధమైనదాన్ని రెండో సీసా అందుకుంటుంది. మామూలు గ్రేడ్ నైట్రిక్ యాసిడ్ పోసినా, లోహాలను అతి సూక్ష్మ మోతాదుల్లో కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో సీసం బ్లాంక్ (శాంపిల్ లేకుండా ఉత్త యాసిడ్‌కు వచ్చే రీడింగు) కనిపించీ కనిపించనంతకు దిగుతుంది. ల్యాంపు వేడికి యాసిడ్ పైపైనే ఆవిరవుతుంది. మరగదు కాబట్టి బుడగలు పగిలి తుంపర లేవదు, లోహాలు అడుగునే ఉండిపోతాయి. ఈ పనిలో దీనికి వంక పెట్టలేం.

వంకంతా మూత మీది గాలి రంధ్రంతోనే. ల్యాంపు ఆగగానే లోపల చల్లబడి, స్టిల్ బయటి గాలిని పీల్చుకుంటుంది. కరెంటు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు. రెండో ఎండకాలంలో ఇనుము బ్లాంక్ వారం వారం పెరుగుతూ పోయింది. సీసం, యురేనియం మాత్రం కదల్లేదు. యాసిడ్ బ్యాచ్ మార్చినా, సీసాలు వేడి నైట్రిక్‌లో నానబెట్టినా తగ్గలేదు. గ్రానైట్ దుమ్మైతే అల్యూమినియం కూడా లేవాలి, లేవలేదు. లేచినవి స్టెయిన్‌లెస్ స్టీలులో ఉండే క్రోమియం, నికెల్. అంటే ల్యాంపు స్టాండు! నైట్రిక్ ఆవిర్లను ఓర్చుకునే స్టెయిన్‌లెస్ స్టీలు, ఆవిర్లను బయటికి లాగే అదే హుడ్‌లో వాడే హైడ్రోక్లోరిక్ ఆవిర్లకు తుప్పు పట్టి, సరిగ్గా రంధ్రం పక్కనే పొడి రాల్చింది.

స్టాండు తీసేసి పాలీప్రొపిలీన్‌ది పెట్టాం. రంధ్రానికి పీఎఫ్ఏ గొట్టం తగిలించి, రెండో కొసను కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలోకి వదిలాం. ఆ సీసా మూత బిగించకూడదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాన్ని నీళ్లలో ముంచినా తప్పే, చల్లబడేటప్పుడు ఆ నీళ్లు స్టిల్‌లోకి ఎక్కుతాయి. తర్వాత మొదటి మూడు విడతల యాసిడ్ పారబోస్తే గానీ ఇనుము కిందికి రాలేదు.

వంక పెట్టలేం అన్నది నైట్రిక్ వరకే. హైడ్రోక్లోరిక్‌ను 37 శాతంతో పోస్తే వాయువే ఎక్కువ పోతుంది, ముందే 20 శాతానికి పలచన చేయాలి. ఆర్సెనిక్ మాత్రం క్లోరైడై యాసిడ్‌తో పాటే దాటొస్తుంది, దాన్ని కొలిచేవాళ్లు ఈ హైడ్రోక్లోరిక్‌ను నమ్ముకోవద్దు. ఏ యాసిడైనా ఐదో వంతు మిగలగానే ఆపాలి. అడుగంటితే మురికి కూడా వెంట వస్తుంది.

రోజంతా నడిస్తే 200 మిల్లీలీటర్లు దిగుతుంది. మే నెలలో గది 40 డిగ్రీలు దాటితే, అందుకునే సీసాను ఐసు నీళ్ల ట్రేలో పెట్టకపోతే అందులో సగం కూడా రాదు. వారానికి ఇరవై ముప్పై శాంపిళ్లు చేసే మాలాంటి చోటికి ఇది సరిపోయింది. రోజూ వందలు చేసేవాళ్లకు, ఏసీకి జనరేటర్ లేనివాళ్లకు కొనమని చెప్పలేను.