మా వంటింటి కొళాయికి ఏరేటర్: రెండేళ్లు వాడాక చెబుతున్నాను

మా సింకు కొళాయికి ఏరేటర్, అంటే మూతికి బిగించే చిన్న జల్లెడ, పెట్టి రెండేళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఉంది, తీసే ఉద్దేశం లేదు. కానీ మొదటి నెలలో దాని గురించి కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పిన మాటల్లో కొన్ని ఇప్పుడు చెప్పలేను. ముఖ్యంగా ధార సన్నబడటమే మంచిదని అన్న మాట.

2024 మార్చి నీటి ఎద్దడిలో బెంగళూరులో గడిపినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మాది మారతహళ్లి దగ్గర 24 ఫ్లాట్ల పాత బిల్డింగ్, అప్పటికి కావేరి నీళ్ల కనెక్షన్ లేదు, ఉన్న రెండు బోర్లలో ఒకటి ఫిబ్రవరిలోనే ఎండిపోయింది. 12,000 లీటర్ల ట్యాంకర్‌కు 5 కిలోమీటర్ల లోపైతే 1,000 రూపాయలని జిల్లా యంత్రాంగం ధర కట్టింది గానీ, ఆ ధరకు మా వీధికి వచ్చిన ట్యాంకర్ ఒక్కటీ లేదు. రాత్రి పదకొండుకు ట్యాంకర్ వచ్చిందంటే బిల్డింగ్ అంతా లేచి కూర్చునేది. ఆ నెలలోనే ఊరికి నీళ్లు సరఫరా చేసే జలమండలి మాల్స్, హోటళ్లు, అపార్ట్‌మెంట్ల కొళాయిలకు ఏరేటర్లు తప్పనిసరి అని 31 వరకు గడువు పెట్టింది. మా అసోసియేషన్ వాళ్లు హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక అట్టపెట్టె నిండా తెచ్చి ఇంటికి మూడు చొప్పున పంచారు, ఒక్కోటి 80 రూపాయలు పడింది.

అది ఏం చేస్తుందో ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి వివరంగా చెప్పను. చిన్న జల్లెడ, నీళ్లలో గాలి కలుపుతుంది, లోపల ఉన్న బిళ్ల ధారను తగ్గిస్తుంది. నాకు నచ్చింది మాత్రం ధార మెత్తదనం. అంతకు ముందు గిన్నె పెడితే నీళ్లు ఎగిరి చీర తడిసేది, గట్టంతా మడుగయ్యేది. ఇప్పుడు ధార తక్కువే అయినా చేతికి నిండుగా తగులుతుంది, ఆకుకూర కడిగితే ఆకు చిరగదు, కొత్తిమీర కాడల్లోని మట్టి చక్కగా పోతుంది. బిగించిన రోజే లీటరు స్టీలు చెంబు పెట్టి ఫోన్‌లో టైమ్ చూశాను. అంతకు ముందు 5 సెకన్లలో నిండేది, ఇప్పుడు 20 సెకన్లు. అంటే నిమిషానికి 12 లీటర్లు పోయే చోట 3 లీటర్లే పోతున్నాయి. ఆ లెక్క పట్టుకుని ఆఫీసులో, చుట్టాల్లో అందరికీ నాలుగింట మూడొంతుల నీళ్లు మిగులుతాయని చెప్పాను.

అది తప్పు. ఆ లెక్క కొళాయి తిప్పి వదిలేసి చేసే పనులకే వర్తిస్తుంది: చేతులు కడుక్కోవడం, పళ్లు తోముకోవడం, కూరగాయలు, గిన్నెల సబ్బు వదిలించడం. కుక్కర్‌లోకి రెండు గ్లాసుల నీళ్లు పట్టుకుంటే ఏరేటర్ ఉన్నా లేకపోయినా రెండు గ్లాసులే, కాకపోతే నిలబడే సమయం ఎక్కువ. బాత్రూమ్‌లో అయితే నాలుగో రోజే తీసేశాను. మేము బకెట్ స్నానమే చేస్తాం, 20 లీటర్ల బకెట్ ఎలా నింపినా 20 లీటర్లే. పైగా మా గ్యాస్ గీజర్ ధార తగ్గితే వెలగనే వెలగదు. షవర్ వాడే ఇళ్ల సంగతి వేరు.

ఇప్పుడు అసలు సంగతి.

2025 ఉగాది, మార్చి 30, ఆదివారం. అమ్మ అనంతపురం నుంచి వచ్చింది. వేపపువ్వు ఏరి, పచ్చడికి చింతపండు నానబెట్టి, మామిడికాయ కడుగుదామని కొళాయి తిప్పితే నూలుపోగంత ధార. ట్యాంకు అయిపోయిందనుకున్నాను. పండగ పూట మోటార్ వేయలేదని వాచ్‌మెన్‌కు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. ఆయన టెర్రస్ ఎక్కి చూసి ట్యాంకు నిండుగా ఉందన్నాడు. నేను నమ్మలేదు, ఇంకో రెండు మాటలు అన్నాను. ఈలోగా అమ్మ బాత్రూమ్ కొళాయి తిప్పి చూసి వచ్చింది. "అక్కడ జోరుగా వస్తున్నాయి కదా పాపా, దీని మూతికేదో తొడిగినావే, ముందు అది చూడు" అంది.

విప్పబోతే కదల్లేదు. సున్నం పట్టి బిగుసుకుపోయింది. తడిబట్ట చుట్టి కటింగ్ ప్లేయర్‌తో తిప్పాక ఊడింది. లోపల జల్లెడ కనిపించనే లేదు. మా బోరు నీళ్ల తెల్లటి సున్నం గట్టిగా పేరుకుని ఉంది, దాని మీద ట్యాంకర్ నీళ్లతో వచ్చిన సన్న ఇసుక, పాత పైపుల తుప్పు రేకులు. ఏడాదిలో నేను దాన్ని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. విప్పాలని షాపతను చెప్పలేదు, పెట్టె మీద రాసి లేదు, నాకూ తోచలేదు. ఇంట్లో వెనిగర్ కూడా లేదు. పచ్చడికి రసం పిండేశాక మిగిలిన చింతపండు పిప్పిలో అమ్మ దాన్ని వేసింది, ఏళ్ల తరబడి ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి కదా. అరగంట నానాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది, మిగిలింది గుండుసూదితో గీకాను. మళ్లీ బిగిస్తే చెంబు 22 సెకన్లలో నిండింది. తర్వాత తర్వాత తెలిసింది, నిమ్మరసమో వెనిగరో అయితే సున్నం ఇంకా త్వరగా వదులుతుందని. మధ్యాహ్నం ఓళిగలు తీసుకుని కిందికి వెళ్లి వాచ్‌మెన్‌కు క్షమాపణ చెప్పుకున్నాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. ఆ రాత్రి గుర్తొచ్చింది, మా ఇంట్లో పనికి వచ్చే అక్క అప్పటికి నెలన్నరగా చెబుతూనే ఉంది, "నీళ్లు సరిగా రావట్లేదు మేడమ్, గిన్నెలకు చాలాసేపు పడుతోంది" అని. ప్రతిసారీ నేను "అది నీళ్లు ఆదా చేసేది అక్కా, నెమ్మదిగానే వస్తాయి" అన్నాను. ఆమెకు మా ఇంటి తర్వాత ఇంకా మూడిళ్లున్నాయి. నేను ఆదా అనుకున్నది ఆమె రోజూ ఇంకో పావుగంట నిలబడటం. ధార రోజుకింత చొప్పున తగ్గుతుంటే కంటికి తెలియదు, పైగా తగ్గడమే దాని పని అని మనం నమ్మి ఉంటాం కాబట్టి అసలు అనుమానమే రాదు. ఈ వస్తువులో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. మామూలు కొళాయి చెడితే వెంటనే తెలుస్తుంది. ఇది పూడుకుపోతుంటే బాగా పనిచేస్తున్నట్టే ఉంటుంది.

అప్పటి నుంచి నెలకోసారి అదే చెంబు పెట్టి చూస్తున్నాను. 30 సెకన్లు దాటితే విప్పడమే. బోరు నీళ్లు ఎక్కువ వచ్చే ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి అవసరమవుతోంది. గిన్నెలు కడిగే పద్ధతి కూడా మార్చాం, ఆ మార్పు ఆ అక్క చెప్పిందే. రెండు టబ్బులు, ఒకదాంట్లో మొదటి సబ్బు వదిలించడం, రెండో దాంట్లో ముంచి తీయడం, చివర్లో మాత్రం కొళాయి కింద ఒక్కసారి. మొదటి టబ్బు నీళ్లు బాల్కనీ కడగడానికి పోతాయి. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఏరేటర్ కంటే ఈ టబ్బులే ఎక్కువ నీళ్లు మిగిల్చాయని నా అంచనా, పని కూడా త్వరగా అవుతోంది.

కొనేవాళ్లకు ఒక్క మాట. కొళాయి మూతికి మర లోపల ఉందా బయట ఉందా చూసుకుని, వీలైతే పాతది విప్పి షాపుకు తీసుకెళ్లండి. పేరు గుర్తురాకపోతే జాలీ అన్నా ఇస్తారు. పాత ఇత్తడి కొళాయిలు చాలావాటికి అసలు మర ఉండదు. ప్లాస్టిక్ రింగు ఉన్నది రెండుసార్లు ప్లేయర్ పెడితే చీలిపోతుంది, మాది అలాగే పోయింది. ఇప్పుడున్నది ఇత్తడిది, 150 రూపాయలు. లోపలి రబ్బరు వాషర్ పారేసుకోకండి, అది లేకపోతే పక్కల నుంచి కారుతుంది.

బిల్డింగ్ మొత్తం మీద ఎంత మిగిలిందని అడిగితే గట్టిగా చెప్పలేను. 2024 ఏప్రిల్‌లో మాకు ట్యాంకర్లు తగ్గాయి గానీ, సెలవులకు సగం ఫ్లాట్లు ఊళ్లకు వెళ్లాయి, మేలో వానలు పడ్డాయి. ఆ అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది, మా వీధికి 2025లో కనెక్షన్ వచ్చింది, వారానికి రెండు రోజులు వదులుతారు. జలమండలి 2025 ఏప్రిల్‌లో ధరలు కూడా పెంచింది కాబట్టి బిల్లు చూసి పోల్చడం కుదరదు. అయినా నేను ఉంచుకోవడానికి నా కారణం నాకుంది. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి, దారిలో హారోహళ్లి, తాతగుణి దగ్గర మళ్లీ పంపు చేసుకుంటూ, అర కిలోమీటరు ఎత్తు ఎక్కిస్తే గానీ ఈ ఊరికి రావు. అంత కరెంటు ఖర్చుతో పైకి వచ్చినవి చేతులు కడిగేటప్పుడు ఊరికే పోతుంటే నాకు మనసొప్పదు. మీ ఇంట్లో నీళ్లు సున్నం పట్టనివై, ట్యాంకు ఎత్తులో ఉండి, కొళాయి కింద గిన్నెలు కడిగే అలవాటు ఉంటే నాకంటే మీకే ఎక్కువ పనికొస్తుంది. పై అంతస్తులో ఉండి ఇప్పటికే ప్రెషర్ తక్కువైతే వద్దనే చెబుతాను.

అమ్మ వాళ్ల ఇంటికి మాత్రం కొనలేదు. అక్కడ నీళ్లు వదిలిన కాసేపట్లోనే తొట్టి, డ్రమ్ము, బిందెలు అన్నీ నింపుకోవాలి, కొళాయి ఎంత జోరుగా పోస్తే అంత మేలు. ఆ తర్వాత వాడకమంతా చెంబుతోనే.