మిగులు సాల్మన్: ఆహార బ్యాంకుకా, వాగుకా?

అమెరికాలోని వాషింగ్టన్, ఆరెగన్ రాష్ట్రాల హేచరీలకు (చేపల గుడ్లు సేకరించి పిల్లలను పెంచే కేంద్రాలకు), గుడ్ల సేకరణకు కావలసినదానికంటే ఎక్కువ సాల్మన్ చేపలు సముద్రం నుంచి తిరిగివచ్చినప్పుడు, వాటిని పేదలకు ఉచితంగా ఆహారం పంచే ఆహార బ్యాంకులకు ఇవ్వాలా, లేక వాటి కళేబరాలను పోషకంగా వాగుల్లో వేయాలా అన్న ప్రశ్న వస్తుంది.

ఖర్చు: ఆహారానికైతే ఐసు, శీతల వాహనం, శుభ్రం చేసి కోసే ప్లాంటు కావాలి. వాగుకైతే ట్రక్కు, స్వచ్ఛంద సేవకులు చాలు.

ముప్పు: హేచరీలో చేపను కదలకుండా ఉంచడానికి వాడే కొన్ని మత్తుమందులు తగిలిన చేప మనుషుల తిండికి పనికిరాదు. వాగులో వేసే చేపకు, ఒక నది రోగం మరో నదికి పాకకుండా, ముందే పరీక్ష జరగాలి. పైగా తోక కోసి వేస్తారు. లేకపోతే సర్వే చేసేవారు దాన్ని అక్కడే సహజంగా గుడ్లు పెట్టి చనిపోయిన చేపగా లెక్కించే ప్రమాదం ఉంది.

ఫలితం: ఆహారంగా ఇస్తే పేద కుటుంబానికి మంచి మాంసకృత్తులు వెంటనే అందుతాయి. వాగులో వేస్తే, సముద్రంలో పెరిగిన ఆ దేహంలోని నత్రజని, భాస్వరం నీటికీ ఒడ్డు చెట్లకూ చేరతాయి. కోహో అనే రకం సాల్మన్ పిల్లలు ఆ మాంసాన్ని నేరుగా కొరుక్కుతింటాయి. సహజ సాల్మన్ తగ్గిపోయిన వాగులకు ఇది చిన్న మేలు కాదు.

సముద్రం నుంచి కొత్తగా వచ్చి, కండ గట్టిగా, ఎర్రగా ఉన్న చేప మనుషులకే దక్కాలని నా అభిప్రాయం. గుడ్లు తీసేసరికి కండ పాలిపోయి మెత్తబడిన చేపకు, రోగ పరీక్షలో నెగ్గితే, వాగే తగిన చోటు.